తెలుపులో ఇనుము: షేడ్ కార్డు రంగు గోడెక్కితే ఎందుకు మారుతుంది?

బళ్లారిలో ఏ పెయింట్ల కొట్టుకైనా వెళ్లి, ‘హాలుకు తెలుపే, కాకపోతే మరీ తెల్లగా వద్దు’ అని చెప్పండి. షేడ్ బుక్కు ముందుకొస్తుంది. ఐవరీ, క్రీము, మీగడ, ముత్యం, చందనం, బిస్కెట్ అంటూ పేర్లే తప్ప తేడా లేనట్టు కనిపించే ముక్కలు అందులో డజన్ల కొద్దీ ఉంటాయి. ఇంటాయన ఒకటి అంటాడు, ఇంటావిడ ఇంకోటి అంటుంది, చివరికి ఎవరి వేలు ఎక్కువసేపు నిలిస్తే ఆ ముక్క ఖాయమవుతుంది. అసలు పంచాయితీ రెండో కోటు ఆరాక మొదలవుతుంది.

‘ఏమప్పా మేస్త్రీ, మేం చెప్పింది ఇది కాదే? ఇది పసుపు కొడతాంది!’

‘అదే సార్. కావాలంటే డబ్బా మీద నంబరు చూసుకోండి.’

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డబ్బాలో రంగు మారలేదు. గోడ మీంచి కంటికి చేరే వెలుతురు మారింది. ముదురు నీలమో మెరూనో వేసినవాళ్లకు ఈ బాధ తక్కువ. తెలుపుకు దగ్గరగా ఉన్న రంగుల్లోనే ఇది ఎక్కువ, అందులోనూ బళ్లారి లాంటి చోట మరీ ఎక్కువ. కారణం ఇనుము.

తడి సున్నం ఎందుకు కనబడదు?

సున్నం వేస్తుండగా గోడను దగ్గర నుంచి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. కుంచె తిప్పిన చోట తడి తప్ప తెలుపు కనిపించదు. వెనకున్న పాత మరకలన్నీ అలాగే ఉంటాయి. చేయి తిరగనివాళ్లు పలచనైందనుకుని ఇంకో చేయి వేసేస్తారు. కాసేపటికి తడి ఆరుతున్నకొద్దీ అంచుల నుంచి లోపలికి తెలుపు తేలుతూ వస్తుంది.

సున్నం రేణువు విడిగా తెల్లగా ఉండదు, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. తెలుపు పుట్టేది రేణువుల మధ్య సందుల్లో. వెలుతురు ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి దాటే చోట కొంత వంగుతుంది, కొంత వెనక్కి మళ్లుతుంది. వెలుతురును వంచే శక్తిలో ఆ రెండింటికీ ఎంత తేడా ఉంటే మళ్లింపు అంత గట్టిగా ఉంటుంది. ఆ శక్తి సున్నానికి సుమారు 1.6, నీటికి 1.33, గాలికి 1. సందుల్లో నీళ్లున్నంతసేపు తేడా తక్కువ కాబట్టి వెలుతురు నేరుగా లోపలికి పోయి పాత మరకను చూపిస్తుంది. నీళ్లు పోయి గాలి చేరగానే తేడా పెరుగుతుంది. లోపలికెళ్లిన వెలుతురు వేలాది రేణువుల మధ్య దారి తప్పి, తిరిగి తిరిగి బయటికే వస్తుంది. అన్ని రంగుల వెలుతురూ సమపాళ్లలో తిరిగొస్తే కంటికి తెలుపు.

ఇప్పటి ఎమల్షన్లలో ఈ పని చేసేది టైటానియం డయాక్సైడ్. దాని శక్తి సుమారు 2.7. అందుకే జిగురులో మునిగి ఉన్నా, చుట్టూ గాలి లేకపోయినా రెండు కోట్లతో పాత గోడను కప్పేస్తుంది. 1916 ప్రాంతంలో అమెరికాలోనూ నార్వేలోనూ పరిశ్రమగా మొదలైన ఈ తెల్లపొడికి ప్రధాన ముడి ఖనిజం ఇల్మెనైట్. కేరళలోని చవర తీరంలో, మన శ్రీకాకుళం వైపు సముద్రపు ఇసుకలో ఆ నల్లటి రేణువులు దొరుకుతాయి. ఇల్మెనైట్ అంటే ఇనుమూ టైటానియమూ ఆక్సిజన్‌తో కలిసి ఉన్న ఖనిజం. అందులోంచి ఇనుమును వదిలిస్తే గానీ తెల్లపొడి రాదు.

ఎమల్షన్ ఆరేటప్పుడు సున్నానికి ఎదురు జరుగుతుంది. తడిగా ఉన్నప్పుడు జిగురు నీటిలో చిన్న చిన్న బొట్లుగా తేలుతూ తానూ కొంత తెల్లగా కనిపిస్తుంది. ఆరాక ఆ బొట్లు ఒకదానికొకటి అతుక్కుని పారదర్శకమైన పొరగా మారతాయి. అంటే సున్నం ఆరితే తెల్లబడుతుంది, ఎమల్షన్ ఆరితే ఒక పిసరు ముదురుతుంది. డబ్బా మూత తీసి చూసి ‘ఇది మనం చెప్పిన రంగు కాదు’ అని అప్పుడే గొడవకు దిగడం అనవసరం.

> సున్నంలో నీలిమందు ఎందుకు?
> సున్నంలో కాస్త నీలిమందు కలిపితే తెలుపు ‘ఎత్తుతుంది’ అని పాత మేస్త్రీలు అనేవారు. తెల్ల చొక్కాలకు పెట్టే నీలం కూడా ఇదే పని చేస్తుంది. సున్నపురాయిలో ఇనుము లాంటి మలినాలు కాసిని ఉంటాయి, అవి నీలం వెలుతురును కొంత మింగేస్తాయి. మిగిలింది లేత పసుపు. నీలిమందు పసుపు, ఎరుపు వైపు వెలుతురును కొంత మింగి పాళ్లు సరిచేస్తుంది. గోడ నుంచి వచ్చే మొత్తం వెలుతురు నిజానికి తగ్గుతుంది. అయినా మనకు ఇంకా తెల్లబడినట్టు తోస్తుంది, ఎందుకంటే కన్ను వెలుతురు మొత్తం కన్నా దాని పాళ్లను పట్టించుకుంటుంది. నీలిమందు మోతాదు దాటితే గోడ నీలం కొడుతుందని వేరే చెప్పక్కర్లేదు.

తీసేసిన ఇనుము మళ్లీ వచ్చి చేరుతుంది

కొట్టులో టింటింగ్ మిషన్ ఏం చేస్తుందో ఈసారి వెళ్లినప్పుడు కాసేపు నిలబడి చూడండి. తెల్లటి బేస్ ఉన్న బకెట్‌ను కింద పెట్టి కంప్యూటర్‌లో కోడు కొడతారు. పైనుంచి సన్నటి గొట్టాల్లో రంగు చుక్కలు పడతాయి: పసుపు ఒకటి, నలుపు ఒకటి, ఒక్కోసారి ఎరుపు ఒకటి. లేత రంగులకు పడేది బకెట్‌తో పోలిస్తే లెక్కలోకి రానంత కొంచెం. ఆ పసుపూ ఆ ఎరుపూ చాలావరకు ఐరన్ ఆక్సైడ్లే. పాత పద్ధతిలో పెయింటర్ చేత్తో కలిపే ఎల్లో ఆకర్, రెడ్ ఆక్సైడ్ స్టెయినర్ సీసాలదీ అదే జాతి.

ఆ ఇనుము బళ్లారివాళ్లకు కొత్తది కాదు. సండూరు కొండల్లో తవ్వేది హెమటైట్. గడ్డగా ఉన్నప్పుడు అది నల్లగానో ఉక్కు బూడిద రంగులోనో ఉంటుంది. నూరితే ఎర్రటి పొడి. గుడి గోడల మీద సున్నపు పట్టీల పక్కన ఎర్రటి పట్టీలు తీసే జాజులోని ఎరుపు కూడా ఇదే పదార్థం. ఇనుముకు ఆక్సిజన్‌తో పాటు నీరు కూడా కలిస్తే పసుపు మట్టి అవుతుంది. ఆ పసుపు మట్టిని బాగా కాలిస్తే నీరు పోయి ఎర్రబడుతుంది. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మల్లో సున్నపు తెలుపు, మట్టి పసుపు, మట్టి ఎరుపు, మసి నలుపు కనిపిస్తాయి. మిషన్‌లో ఉన్న సరుకు అంతకన్నా మరీ కొత్తదేమీ కాదు, శుభ్రమైనది అంతే.

ఐరన్ ఆక్సైడ్ నీలం వెలుతురును గట్టిగా మింగి, పసుపు, ఎరుపు వెలుతురును వదిలేస్తుంది. కాబట్టి క్రీము రంగు అంటే తెలుపులోంచి కాస్త నీలం తీసేసిన రంగు. ఎంత తీశారు, తీయడానికి ఏం వాడారు అన్నదాన్ని బట్టి లోపలి ఛాయ మారుతుంది. ఎర్ర ఆక్సైడ్ పడితే గులాబీ ఛాయ వస్తుంది. పసుపుతో పాటు నలుపు పడితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. పసుపూ నలుపూ కలిస్తే ఆకుపచ్చ ఏమిటని అడగొద్దు, స్టెయినర్లు కలిపే ఏ పెయింటర్ అయినా మీ ముందే చేసి చూపిస్తాడు. నలుపు ఒక్కటే పడితే తెలుపు బూడిద వైపు, కాస్త నీలం వైపు జరుగుతుంది. షేడ్ బుక్కులో పక్కపక్కనే ఉన్న నాలుగు ముక్కలు నాలుగు వేర్వేరు రంగుపొడులతో తయారై ఉండొచ్చు. ఆ సంగతి పేర్లను బట్టి తెలియదు.

నాలుగు గోడలు ఒకదాన్నొకటి పూసుకుంటాయి

‘కార్డు మీద లేతగా ఉంది, గోడ మీద ముదిరింది’ అన్న ఫిర్యాదుకు అసలు కారణం ఇక్కడుంది. చాలామంది దీన్ని భ్రమ అనుకుంటారు. భ్రమ కాదు, లెక్క.

ఒక క్రీము రంగు తన మీద పడిన పసుపు, ఎరుపు వెలుతురులో నూటికి 85 వంతులు, నీలంలో 75 వంతులు తిప్పి పంపుతుందనుకుందాం. కొట్టులో కార్డు ముక్క మీద వెలుతురు ఒక్కసారి పడి కంటికి వస్తుంది: 85కు 75. ఇప్పుడు అదే రంగు నాలుగు గోడలకూ వేశారు. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఎదుటి గోడకు తగిలి, అక్కణ్నుంచి పక్క గోడకు, మళ్లీ ఇటు గోడకు వెళ్తుంది. తగిలిన ప్రతిసారీ అదే కోత. రెండోసారికి 72కు 56. మూడోసారికి 61కు 42. మొదట పసుపుతో పోలిస్తే నీలం 88 శాతం ఉండేది, మూడో తగులుకు 69 శాతమే మిగిలింది. అంటే గదిలో తిరుగుతున్న వెలుతురే పసుపుబారింది, ఆ పసుపు వెలుతురులో మనం పసుపు గోడను చూస్తున్నాం. గది మూలల్లో రంగు ఇంకా చిక్కగా ఉండడానికి కారణం కూడా అదే, అక్కడ రెండు గోడలు ఎదురెదురుగా దగ్గరపడతాయి. పెద్ద కిటికీలున్న హాల్లో ఈ మార్పు తక్కువ, చిన్న కిటికీ ఉన్న లోపలి గదిలో ఎక్కువ.

గోడలతో పాటు నేల కూడా ఈ ఆటలో ఉంటుంది. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దుకు ఇటూ అటూ పాత ఇళ్లలో తాడిపత్రి, బేతంచెర్ల బండలో, రెడ్ ఆక్సైడ్ గచ్చో కనిపిస్తాయి. ఎర్ర గచ్చు ఉన్న గదిలో గోడ కింది భాగం గులాబీ కొడుతుంది, నడుము ఎత్తు దాటాక తగ్గుతుంది. నల్లబండ వెలుతురును మింగేసి గోడ అడుగును మసకగా చూపిస్తుంది. తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ ఉన్నవాళ్లు మాత్రమే షేడ్ కార్డుకు కాస్త దగ్గరగా ఉండే గోడను చూస్తారు.

ఎండ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ‘ఉత్తరం కిటికీ గదిలో వెలుతురు చల్లగా, నీలంగా ఉంటుంది, కాబట్టి అక్కడ పసుపు ఛాయ తెలుపు వేయండి’ అనే సలహా ఎక్కడ చూసినా దొరుకుతుంది. అది యూరప్, అమెరికా ఇళ్లకు సరైన సలహా. బళ్లారి ఉన్నది సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ సూర్యుడు మే మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య మూడు నెలల పైచిలుకు కాలం మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. చలికాలంలో ఆకాశపు నీలం తప్ప చూడని ఉత్తరపు గది జూన్‌లో వేరే గదిలా ఉంటుంది. దక్షిణపు గదిది దీనికి తిరగేసిన కథ.

పైగా ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నేరుగా రాదు, సజ్జా అడ్డుకుంటుంది. లోపలికి వచ్చే వెలుతురులో పెద్ద భాగం బయట నేల మీద పడి పైకి లేచినదే. వాకిట్లో ఎర్రమట్టి ఉంటే ఆ వెలుతురు ఎర్రబారి వచ్చి ముందు సీలింగుకు, అక్కణ్నుంచి గోడలకు దిగుతుంది. సిమెంటు చేయించిన వాకిలైతే ఆ ఎరుపు ఉండదు. కిటికీ ముందు వేపచెట్టుంటే ఆకుపచ్చ ఛాయ. అందువల్ల మీ చుట్టాలింట్లో బాగా కుదిరిన రంగు కోడునే తెచ్చుకున్నా మీ ఇంట్లో అది కుదురుతుందన్న హామీ ఏమీ లేదు.

కొట్టులో కలిసింది, ఇంట్లో విడిపోయింది

రాత్రిపూట కథ వేరు. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం వెలుతురు ఇచ్చే చిన్న ముక్క. (ఆ నీలం ఎల్ఈడీని సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.) దాని మీద పసుపు పూత ఉంటుంది. నీలంలో కొంత ఆ పూతకు తగిలి పసుపుగా మారుతుంది, రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. మన ఇళ్లలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ ‘కూల్ డేలైట్’ ట్యూబులో నీలం పాలు ఎక్కువ, 3000 కెల్విన్ వార్మ్ లైటులో పసుపు పాలు ఎక్కువ. ఎండలోలాగా అన్ని రంగులూ నిండుగా ఈ వెలుతురులో ఉండవు. నీలానికీ ఆకుపచ్చకూ మధ్య ఒక చోట బాగా లోటు ఉంటుంది.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. రెండు వేర్వేరు రంగుపొడులతో చేసిన రెండు లేత రంగులు ఒక దీపం కింద అచ్చం ఒకటిగా కనిపించి, ఇంకో వెలుతురులో విడిపోవచ్చు. వర్ణశాస్త్రంలో దీన్ని మెటామెరిజం అంటారు. ఒక కంపెనీ రంగును ఇంకో కంపెనీ డబ్బాలో ‘మ్యాచ్’ చేయించినప్పుడు ఇది తరచూ బయటపడుతుంది. కొట్టులో లైటు కింద కలిసిపోయిన రంగు పొద్దున కిటికీ పక్కన అతుకులా కనిపిస్తుంది. మిషన్‌దో పనివాడిదో తప్పు అనుకుంటాం. నిజానికి వేర్వేరు రంగుపొడులు వాడాక ఒక వెలుతురులో కుదిరించడం సాధ్యమే కానీ, అన్ని వెలుతురుల్లోనూ కుదిరించడం చాలా కష్టం.

ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి ‘ఏది బాగుంది?’ అని అడగడం మానేయడం మంచిది. ఫోను తనంతట తానే తెలుపును సరిచేస్తుంది. మీరు చూపించాలనుకున్న ఆ కాస్త తేడానే అది తుడిచేసి పంపుతుంది.

కన్ను పోల్చి చూస్తుంది, కొలవదు

మైసూర్‌పాక్ తిన్న నోటికి తర్వాత తాగే టీ చప్పగా ఉంటుంది, టీలో చక్కెర తగ్గలేదు. కంటిదీ అదే తీరు. ఒక గదిలో కాసేపు కూర్చుంటే అక్కడున్న అతి తెల్లటి వస్తువును మెదడు తెలుపుగా ఒప్పుకుని మిగతా రంగులను దాన్నుంచి లెక్కిస్తుంది. షేడ్ బుక్కులో ముక్కల వెనక కాగితం మల్లెపువ్వు తెలుపు కాబట్టి దాని పక్కన ఐవరీ పసుపుగా కనిపిస్తుంది. అదే ఐవరీ గదంతా వేసి తెల్ల వస్తువేదీ లేకుండా చేస్తే, పది నిమిషాల్లో అదే తెలుపైపోతుంది. మళ్లీ అక్కడ తెల్ల తలుపో స్విచ్‌బోర్డో పెట్టగానే పసుపు గుర్తొస్తుంది. ‘స్విచ్‌బోర్డులు మార్చాకే గోడ మాసినట్టుంది’ అని కొందరు అనేది అందుకే.

ఈ సంగతిని శాస్త్రంగా పట్టుకున్నాయన ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్. 1824లో ఆయన ప్యారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగం చూసుకునేవాడు. అక్కడి నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షిస్తే నూలులో లోపం లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినప్పుడే నలుపు పాలిపోతోంది. పక్కన ఏముందన్నదే తేడా. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు.

తెలుపుకు దగ్గర్లో మన కన్ను మరీ చురుకు. ముదురు ఎరుపులో పట్టుకోలేనంత చిన్న తేడాను తెలుపు దగ్గర ఇట్టే పట్టేస్తుంది. రంగుల తేడాను అంకెల్లో చెప్పడానికి 1976లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతను తర్వాత సవరించాల్సి వచ్చిన కారణాల్లో ఇదొకటి. దీన్నుంచి ఇంటివాళ్లకు తేలేది ఒక్కటే. లేత రంగుల్లో మిషన్ ఒక్క చుక్క అటూ ఇటూ అయినా గోడ మీద తెలిసిపోతుంది. జీన్స్ కుట్టే ఊరివాళ్లకు ఇది విడమర్చి చెప్పాలా? ఒకే ప్యాంటు రెండు కాళ్లకు రెండు తానుల గుడ్డ పడితే ఏమవుతుందో బళ్లారిలో అందరికీ తెలుసు.

> పోల్చి చూసే పద్ధతి
> మనసుకు నచ్చిన మూడు రంగుల్లో చిన్న డబ్బాలు తెచ్చుకోండి. పాత గోడ మీద నేరుగా పూయకండి, పాత రంగు పక్కన కన్ను మోసపోతుంది. పెద్ద డ్రాయింగ్ షీట్ల మీద అంచుల దాకా రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. ముందు ఒక్కొక్కదాన్ని తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి, లోపలి ఛాయ గులాబీనా, ఆకుపచ్చనా, బూడిదా అన్నది బయటపడుతుంది. తర్వాత షీటును గోడకు నిలువుగా అంటించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. టేబుల్ మీద పడుకోబెట్టి చూస్తే దాని మీద పడే వెలుతురు వేరు. ఒకసారి మూలలో, ఒకసారి నేలకు దగ్గరగా, ఒకసారి కర్టెన్ పక్కన పెట్టండి. మూడింటినీ ఒకేసారి గోడకు వేలాడదీసి ‘ఏది బాగుంది’ అని అడగకండి. ఉండబోయేది ఒక్కటే కాబట్టి ఒక్కొక్కటే చూడండి.

ధూళి కూడా ఒక కోటే

తెల్లపొడి కోసం ఇనుమును తీసేశారు, క్రీము కోసం కొంచెం కలిపారు. మూడో విడత ఇనుము గాలిలో వస్తుంది. సండూరు, తోరణగల్లు వైపు రోడ్డు పక్క ఇంట్లో కిటికీ చట్టాన్ని తడి తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ మీద జాజు రంగు చార పడుతుంది. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశంతో బళ్లారిలో గనుల తవ్వకం ఆగి, తర్వాత పరిమితులతో మళ్లీ మొదలైంది. ఖనిజం లారీలు తిరిగే దారుల్లో దుమ్ము ఇప్పటికీ ఉంది. హెమటైట్ పొడికి రంగు పట్టించే శక్తి చాలా ఎక్కువ. మాట్ ఫినిష్ గోడల గరుకులో అది ఇరుక్కుంటే తుడిచినా పూర్తిగా పోదు.

నా తీర్పు అడిగితే, ఈ జిల్లాలో నీలం ఛాయ, బూడిద ఛాయ తెలుపులు వేయించుకోవడం డబ్బు దండగ. దుమ్ము పసుపెరుపు, గోడ నీలం. రెండూ ఎదురు రంగులు కాబట్టి ఏడాది తిరక్కుండానే గోడ మాసినట్టు కనిపిస్తుంది. గోడలోనే కాస్త ఇనుప పసుపు ఉన్న క్రీము మీద అదే దుమ్ము కలిసిపోతుంది. గోడలు ఒకదాన్నొకటి పూసుకుంటాయి గనక కార్డులో నచ్చినదాని కన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి. మాట్ కాకుండా కొంచెం మెరుపున్న, కడగడానికి వీలైన ఎమల్షన్ అడగండి. తలుపులకు, గ్రిల్లులకు వేసే ఆయిల్ ఎనామిల్ తెలుపును గోడలకు వాడకండి. వెలుతురు తగలని చోట, అంటే క్యాలెండరు వెనకా బీరువా వెనకా, అది దానంతటదే పసుపుబారుతుంది.

కావలసిన బకెట్లన్నీ ఒకేసారి తెప్పించి, పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ చేత అన్నింటినీ ఒక పెద్ద డ్రమ్ములో కలిపించండి. డబ్బా మూత మీద మిషన్ అంటించిన చీటీని ఫొటో తీసి దాచుకోండి. రెండేళ్ల తర్వాత స్విచ్‌బోర్డు పక్కన చిన్న అతుకు వేయాలన్నా కంపెనీ, బేస్, కోడు, ఫినిష్ నాలుగూ అవసరం. రంగు పేరు ఒక్కటే చెబితే కొట్టువాడు మళ్లీ షేడ్ బుక్కే ముందు పెడతాడు.